‘సబ్’ అంటే కింద అనేనా?

ఖమ్మం నుండి కొత్తగూడెం, పాల్వంచల మీదుగా భద్రాచలం వచ్చే బస్సులో కిటికీ ప్రక్కన కూర్చుని, దారి పొడవునా బోర్డులు చదువుకుంటూ వచ్చే అలవాటు మనలో చాలమందికి ఉన్నది. అలా చదివేవారికి ఒక చిన్న మాట పదే పదే కంటబడుతుంది. సబ్ స్టేషన్, సబ్ రిజిస్ట్రారు కార్యాలయము, సబ్ ట్రెజరీ, సబ్ పోస్టాఫీసు, సబ్ జైలు. అడవి మొదలయ్యాక కొన్ని గూడెములలో నర్సమ్మ వచ్చి సూదిమందు వేసి వెళ్ళే ఆరోగ్య సబ్ సెంటరు కనబడుతుంది. పోలీసు ఠాణాలో సబ్ ఇన్‌స్పెక్టరు ఉంటాడు. సబ్ కలెక్టరు అన్న మాట వినని ముసలివారు మన ఏజెన్సీలో ఉండరు. గిరిజన సంక్షేమపు కాగితాలలో ఎన్నో ఏండ్లు ట్రైబల్ సబ్ ప్లాన్ అని వ్రాశారు. వీటన్నిటి తరువాత వచ్చినా, అన్నిటికంటె పెద్ద అక్షరాలతో వచ్చి కూర్చున్న మాట సబ్‌మెర్జెన్స్. మన భాషలో ముంపు.

ఆ మధ్య మా యౌవనస్థుల కూడికలో డిగ్రీ చదువుతున్న ఒక కోయ సోదరుడు మమ్మును ఇలా అడిగాడు: “అయ్యగారూ, మా ఆఫీసరు పేరు ముందు సబ్, మా పథకం పేరు ముందు సబ్, ఇప్పుడు మా ఊరికీ సబ్ తగిలించారు. ఇంగ్లీషువాళ్ళ లెక్కలో మేము కిందివాళ్ళమనేనా?” కూడికలో కొందరు నవ్వారు. అతడు నవ్వలేదు. అతని ఊరు శబరి ఒడ్డున ఉన్నది. పోలవరం ముంపు మొదటి దశ లెక్కలోకి ఆ ఊరు వస్తుందా, రెండవ దశ లెక్కలోకి వస్తుందా అన్నది ఆ ఇంట్లో బియ్యము ధర కంటె ఎక్కువసార్లు వినబడే మాట. అటువంటివాడు అడిగినదానికి నిఘంటువు తెరిచి చూపించి ఊరుకొనుట న్యాయము కాదు. అందుచేత ఈ నెల ఈ పేజీలలో ఆ మాట పుట్టుపూర్వోత్తరాలు కొంత విపులముగా వ్రాస్తున్నాము.

సబ్ అనునది పుట్టుకతో ఇంగ్లీషు మాట కాదు. అది లాటిను, అనగా రోమావారి భాష. మన ప్రభువు సిలువపైన పిలాతు వ్రాయించిన పైవిలాసము మూడు భాషలలో ఉన్నదని యోహాను 19వ అధ్యాయములో చదువుతాము. వాటిలో ఒకటైన రోమా భాష ఇదే. ఆ భాషలో సబ్ అంటే మొదటి అర్థము ‘కింద’. ఇది అందరికీ తెలిసినదే. రెండవ అర్థము ‘చేరువ’. నగరానికి చేరువగా ఉన్న చోటును చెప్పడానికీ, రాత్రి కావస్తున్న వేళను చెప్పడానికీ రోమావారు సబ్ అన్న మాటనే వాడారు. హైదరాబాదులో సబర్బన్ రైలు అంటారే, అది నగరము కింద నడిచే రైలు కాదు కదా, నగరము చుట్టుప్రక్కలకు నడిచే రైలు. ఇక మూడవ అర్థము ‘కింది నుండి పైకి’. అనేక మాటలలో ఈ అర్థమే దాగి ఉన్నది. ఆ సోదరుని ప్రశ్నకు అసలు సంబంధించినది కూడా ఇదే. కాని అక్కడికి వెళ్ళేముందు రెండు సంగతులు చెప్పవలసి ఉన్నది.

మొదటిది, ఈ మాట వేషము మార్చుతుంది. మన పిల్లలు బడిలో సంధులు వల్లె వేస్తారు. సత్ అనే మాట జనుని కలిస్తే సజ్జనుడు అవుతాడు, జగత్ అనేది నాథుని కలిస్తే జగన్నాథుడు అవుతాడు. తరువాతి అక్షరాన్ని బట్టి ముందరి అక్షరము మెత్తబడి దానిలో కలిసిపోతుంది. లాటినులోనూ అచ్చము అంతే. సబ్ అనేది ‘క’ ముందు సక్ అవుతుంది, ‘ఫ’ ముందు సఫ్, ‘గ’ ముందు సగ్, ‘ప’ ముందు సప్. కొన్ని చోట్ల సస్ కూడా అవుతుంది. కాబట్టి మనము రోజూ వాడే సక్సెస్, సపోర్టు, సఫర్, సజెషన్, సస్పెండ్ అనే మాటలన్నిటిలో ఈ సబ్ ఉన్నది. సస్పెండ్ అంటే వ్రేలాడదీయుట. సస్పెండ్ అయిన ఉద్యోగిని చూసినవారికి ఆ అర్థము ఎంత సరియైనదో వేరే చెప్పనక్కరలేదు. పైకి పోడు, నేలకు దిగడు, త్రిశంకు స్వర్గమే.

రెండవ సంగతి, ఈ సబ్‌కు మన దేశములో చుట్టము ఉన్నది. మాటకు ముందు చేరే ఇటువంటి తునకను ఇంగ్లీషులో ప్రిఫిక్సు అంటారు, మన వ్యాకరణములో ఉపసర్గ అంటారు. ప్ర, పరా మొదలుకొని సంస్కృతములో ఉపసర్గలు 22 అని లెక్క. వాటిలో ఒకటి ‘ఉప’. లాటిను సబ్, గ్రీకు హుపో, సంస్కృత ఉప, ఈ మూడూ ఒకే తల్లి బిడ్డలని భాషాశాస్త్రజ్ఞులు తేల్చారు. ఈ మూడు భాషల చుట్టరికాన్ని 1786లో కలకత్తాలో సర్ విలియం జోన్స్ ఒక ఉపన్యాసములో చాటిన నాటి నుండి ఈ పరిశోధన సాగుతూ వచ్చింది. కాబట్టి సబ్ కలెక్టరును ఉప కలెక్టరు అన్నా, సబ్ ప్లాన్‌ను ఉప ప్రణాళిక అన్నా తర్జుమా చేసినట్లే కాదు, అన్న స్థానములో తమ్ముని పిలిచినట్లు.

ఇప్పుడు ‘ఉప’ గల మాటలను ఒకసారి తలచుకోండి. ఉపకారము, ఉపదేశము, ఉపాధ్యాయుడు, ఉపవాసము. వీటిలో ఎక్కడైనా చిన్నతనము ఉన్నదా? ఉపవాసము అంటే దగ్గర వసించుట అని పదార్థము. కడుపు మాడ్చుకొనుట అన్నది తరువాత వచ్చి చేరిన అర్థము. ఉపవాస కూడికలు జరుపుకొనే మన సంఘములకు ఇది తెలిసి ఉండుట మంచిదని మా అభిప్రాయము. ఉపసర్పంచి, ఉపముఖ్యమంత్రి అన్నప్పుడు మాత్రము ‘రెండవ’ అన్న అర్థము వస్తుంది. ఉపనది అన్నప్పుడో? శబరి గోదావరికి ఉపనది. కిన్నెరసాని ఉపనది, తాలిపేరు ఉపనది. అవి గోదావరి కంటె చిన్నవే, నిజము. కాని ‘ఉప’ అన్నది వాటి చిన్నతనమును కాదు, అవి వచ్చి గోదావరిని చేరుటను చెబుతున్నది.

ఇక్కడ ఒక ప్రక్కమాట. సంస్కృతములో ఉపసర్గలు ఉన్నవి గాని మన అచ్చతెలుగుకు అటువంటివి లేవు. తెలుగు సంస్కృతము నుండి పుట్టినది కాదని, దాని కుటుంబము వేరని మద్రాసులో ఎల్లిస్ దొర 1816లోనే వ్రాశాడు. తెలుగు, కోయ, గోండు మొదలైనవి ద్రావిడ భాషలు. ఈ భాషలలో ఏది చేర్చినా మాట వెనుకనే చేర్చుతారు. చెట్టు కింద, కొండ కింద, ఏటి లోపల. ముందు చెట్టు నిలబడుతుంది, తరువాతనే దాని కింద ఎవరున్నారో తెలుస్తుంది. రోమావాడు అలా కాదు. వాని నోట మొదట సబ్, ఆ తరువాత చెట్టు. దేని కిందనో చెప్పకముందే ‘కింద’ అని చెప్పేస్తాడు. పేరుకు ముందు తగిలించిన ఆ తునక మన చెవికి అంతగా గుచ్చుకొనుటకు ఇది కూడా ఒక కారణము కావచ్చునని మాకు తోస్తున్నది.

హోదా సంగతి దాచిపెట్టవలసిన పని లేదు. సబ్ అంటే తక్కువ హోదా అన్న వాడుక ఇంగ్లీషువారు మన దేశమునకు వచ్చి కల్పించినది కాదు, రోమావారి కాలము నుండి ఉన్నదే. వారి సైన్యములోను, నగర కావలి దళములోను అధిపతికి కింద ఉపాధిపతి ఉండేవాడు, వాని పేరు ముందు సబ్ ఉండేది. సంఘములోనికి కూడా ఆ వాడుక వచ్చింది. క్రీ.శ. 251 ప్రాంతములో రోమా సంఘపు అధ్యక్షుడైన కొర్నేలి వ్రాసిన ఒక లేఖలో ఆ సంఘములో 46 మంది పెద్దలు, ఏడుగురు డీకన్లు, ఏడుగురు సబ్ డీకన్లు ఉన్నారని లెక్క ఉన్నది. డీకను అంటేనే పరిచారకుడు. సబ్ డీకను అంటే పరిచారకుని పరిచారకుడన్నమాట! కతోలిక సంఘము తన లాటిను ఆచారములో ఈ పదవిని 1972లో రద్దు చేసింది. కావున సబ్ ఇన్‌స్పెక్టరు, సబ్ రిజిస్ట్రారు అన్నప్పుడు ‘కింది అధికారి’ అనే అర్థము. అందులో వాదన లేదు.

అయితే ఆ ఒక్క వాడుకతోనే మాటను కొలిస్తే దానికి అన్యాయము చేసినవారమవుతాము. సపోర్టు అన్న మాట చూడండి. సబ్ అనేదానికి ‘మోయుట’ అనే అర్థము గల పోర్తారె అనే క్రియ చేరి సపోర్టు అయినది. రైల్వే స్టేషనులో సామాను మోసే పోర్టరు పేరులో ఉన్నది ఆ క్రియే. సపోర్టు అంటే కింద ఉండి పైకి మోయుట. మన ప్రాంతములో దీనికి ఉదాహరణ వెతుక్కోనక్కరలేదు. దారి లేని కొండరెడ్ల గూడెములో స్త్రీకి నొప్పులు వస్తే డోలీ కడతారు. కర్రకు దుప్పటి కట్టి, అందులో ఆమెను పడుకోబెట్టి, ఇద్దరు ముందువెనుకల భుజము పెట్టి వాగులు దాటించి రోడ్డుకు చేర్చుతారు. వర్షాకాలములో అయిదారు గంటల నడక కూడా ఉంటుంది. డోలీ మోసేవాడు కింద ఉంటాడు. వాడు తక్కువవాడు గనుక కింద లేడు, వాని భుజము కింద ఉంటేనే తల్లీబిడ్డలు పైన ఉంటారు. రోమావారి సబ్‌లోని ‘కింది నుండి పైకి’ అన్న అర్థము సరిగ్గా ఇదే.

సఫర్ అన్న మాటా అంతే. సబ్‌కు ఫెర్రె అనే క్రియ చేరింది. ఫెర్రె అన్నా మోయుటయే. విచిత్రమేమంటే మనము ‘భరించు’ అంటామే, ఆ మాటలోని సంస్కృత ధాతువు, లాటిను ఫెర్రె రెండూ ఒకే మూలములోనివి. కాబట్టి సఫర్ అంటే అక్షరాలా కింద నిలిచి భరించుట. మన తెలుగులో ‘బాధపడు’ అంటాము, ‘కష్టపడు’ అంటాము, అందులో ‘పడుట’ ఉన్నది. ‘భరించు’ అన్నప్పుడు నిలబడుట ఉన్నది. 1611 నాటి ఇంగ్లీషు బైబిలు చదివే మన కాలేజీ పిల్లలు మార్కు 10వ అధ్యాయములో చిన్నపిల్లలను రానియ్యుడని ప్రభువు చెప్పిన చోట ఈ సఫర్ అన్న మాటను చూసి తికమక పడతారు. పిల్లలను బాధపెట్టమన్నాడా ఏమిటని ఒకరు మమ్మును అడిగారు కూడా. ఆ కాలపు ఇంగ్లీషులో ఆ క్రియకు ఓర్చుకొనుట, ఓర్చుకొని అడ్డుపడక ఉండుట, రానిచ్చుట అనే అర్థములు ఉండేవి. బాధ అన్న ఒక్క అర్థమే మన చెవికి మిగిలింది.

సబ్సిడీ మాట తెలియని రైతు లేడు. విత్తనాల సబ్సిడీ, గ్యాసు సబ్సిడీ. దీని కథ ఇంకా బాగుంటుంది. ఒక కాలములో రోమా సైన్యము మూడు వరుసలుగా యుద్ధానికి నిలబడేది. మూడవ వరుసలో అనుభవజ్ఞులైన ముదురు సైనికులు ఒక మోకాలు నేలకు ఆనించి, డాలు ముందుంచుకొని కూర్చుండేవారు. ముందరి వరుసలు వెనుకకు తగ్గితే అప్పుడు లేచేవారు. అలా వెనుక కూర్చుండి ఆపదకు అక్కరకు వచ్చేవారిని సుబ్సిదియుమ్ అన్నారు. సబ్‌కు ‘కూర్చుండుట’ చేరిన మాట అది. సబ్సిడీ అక్కడి నుండి వచ్చింది. అది దయ తలచి విసిరే మెతుకు కాదు, వరుస విరిగితే నిలబెట్టడానికి ముందే ఏర్పాటు చేసి ఉంచిన బలము.

కొన్ని మాటలలో సబ్ ఉన్నదని కనిపెట్టుట కూడ కష్టము. కోర్టు నుండి వచ్చే సమన్లు అటువంటివే. లాటినులో ఆ మాటకు చాటుగా గుర్తుచేయుట, మెల్లగా హెచ్చరించుట అని అర్థము. పోడు కేసులో సమన్లు అందుకొన్న మన గూడెముల వారు దానిని ఆ మెత్తని అర్థములో ఎన్నడూ విని ఉండరు. సంఘ జూబిలీలప్పుడు మనము అచ్చువేయించే సావనీరు కూడా సబ్ బిడ్డయే. అడుగున ఉన్న జ్ఞాపకము పైకి వచ్చుట అని దాని అర్థము, ఫ్రెంచి భాష మీదుగా మనకు వచ్చింది. సబ్‌స్క్రిప్షన్, అనగా కింద సంతకము చేయుట. చందా కట్టుట మరచిన పాఠకులు ఈ వాక్యమును రెండుసార్లు చదువవలెనని సంపాదకుల కోరిక!

బైబిలు పండితులకు ఈ సబ్ తెచ్చిపెట్టిన పెద్ద మాట ఒకటి హెబ్రీయులకు వ్రాసిన పత్రిక 11వ అధ్యాయము మొదటి వచనములో ఉన్నది. విశ్వాసము అంటే ఏమిటో చెప్పే ఆ చోట గ్రీకు మూలములో హుపోస్తాసిస్ అన్న మాట ఉన్నది. హుపో అంటే కింద, స్తాసిస్ అంటే నిలుచుట. లాటిను బైబిలులో దానిని విడదీసి అదే వరుసలో సుబ్‌స్తాన్తియ అన్నారు. సబ్‌కు ‘నిలుచుట’ చేర్చారు. మన తెలుగు బైబిలులో నిజస్వరూపము అని ఉన్నది. అది మంచి తర్జుమాయే గాని, అడుగున నిలిచి ఉన్నది అనే బొమ్మ అందులో కనబడదు. ఇల్లు కనబడుతుంది, పునాది కనబడదు. యాకోబు పత్రికలో ఓర్పు అని మనము చదివే చోట గ్రీకులో ఉన్న మాటలో కూడా హుపో ఉన్నది. బరువు కింద నుండి తప్పుకొనక నిలిచి ఉండుట అని అర్థము. అపొస్తలులు ఎన్నుకొన్న ఈ మాటలలో ‘కింద’ అన్నది అవమానముగా లేదు.

ఇంత చెప్పిన తరువాత ఆ సోదరుడు లెక్కపెట్టిన మూడు సబ్‌లకు రావలెను.

సబ్ ప్లాన్ సంగతి మొదట. 1974లో ఆరంభమైన ఐదవ పంచవర్ష ప్రణాళికలో గిరిజన ఉప ప్రణాళిక మొదలైనది. అప్పటివరకు గిరిజనులకు వేరే పథకాలు ఏవో కొన్ని ఉండేవి, రోడ్లు, బడులు, నీళ్ళు, కరెంటు వంటి పెద్ద ఖర్చులు మాత్రము మైదాన ప్రాంతములకే పోయేవి. ప్రతి శాఖ తన మొత్తము ప్రణాళికలోనే గిరిజనుల జనాభా దామాషా చొప్పున ఒక వాటా వేరు చేసి ఉంచవలెనన్నది ఈ ఉప ప్రణాళిక భావము. అనగా పెద్ద ప్రణాళికకు అడుగున పడి ఉండే రెండవ రకము ప్రణాళిక కాదు, దాని కడుపులోనే ఉన్న భాగము. ఆ వాటా సొమ్ము వేరే పనులకు మళ్ళిపోతున్నదని ఏండ్ల తరబడి ఫిర్యాదులు రాగా, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ చేసిన చట్టము 2013లో అమలులోకి వచ్చింది. తెలంగాణలో 2017లో దాని స్థానములో ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టము వచ్చింది. పేరులో నుండి సబ్ పోయింది. దామాషా నియమము కొత్త చట్టములోనూ ఉన్నది. పేరు గౌరవముగా మారిందని సంతోషించినవారు ఉన్నారు. మా మట్టుకు మాకు ఆ పాత పేరులోనే ఎక్కువ బలము ఉన్నట్లు తోస్తుంది. సబ్ ప్లాన్ అన్నప్పుడు, ఒక ప్లాన్ ఉన్నదనీ అందులో మాకు లెక్క ప్రకారము రావలసినది ఉన్నదనీ ఆ పేరే పలికేది. ప్రత్యేక నిధి అన్నప్పుడు ఎవరో ప్రత్యేకముగా ఇచ్చినట్లు వినబడుతుంది.

సబ్ కలెక్టరు, సబ్ డివిజను అన్నవాటికి మన ప్రాంతపు చరిత్రయే వ్యాఖ్యానము. భద్రాచలం, రేకపల్లి తాలూకాలు మొదట సెంట్రల్ ప్రావిన్సులలో ఉండేవి. 1874లో వాటిని మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాకు మార్చారు. 1959లో భద్రాచలం డివిజను తూర్పు గోదావరి నుండి ఖమ్మం జిల్లాకు వచ్చింది. 2014లో రాష్ట్ర విభజన వేళ చింతూరు, కూనవరం, వరరామచంద్రాపురం, కుక్కునూరు, వేలేరుపాడు మండలములు, పట్టణము మినహా భద్రాచలం మండలము, బూర్గంపాడు మండలములో కొన్ని గ్రామములు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్ళాయి. ఒకనాడు తాలూకాకు పేరిచ్చిన రేకపల్లి ఆ వెళ్ళినవాటిలోనే ఉన్నది. 2016లో ఇటువైపు మిగిలినదానిలో ఎక్కువ భాగము భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోనికి వచ్చింది. అటువైపు 2022లో చింతూరు, కూనవరం ప్రాంతము అల్లూరి సీతారామరాజు జిల్లాలోను, కుక్కునూరు, వేలేరుపాడు ఏలూరు జిల్లాలోను చేర్చబడ్డాయి. ఇన్ని మార్పులలో పైనున్న పేరు మారుతూ వచ్చింది. ఇక్కడివారు ఎవరో ఒకరి కింద డివిజనుగా ఉండుట మాత్రము మారలేదు. దూరాన ఉన్న జిల్లా కేంద్రమునకు ఒక సంతకము కోసము రెండు బస్సులు మారి వెళ్ళేవానికి ఈ సబ్ మొదటి అర్థములోనే తెలుస్తుంది. వానికి లాటిను పాఠము చెప్పి ఒప్పించుట కుదరదు, ఒప్పించకూడదు కూడా.

ఇక మూడవది సబ్‌మెర్జెన్స్. ఇందులో సబ్‌తో కలిసినది మెర్గెరె అనే క్రియ. ముంచుట, మునుగుట అని అర్థము. సంస్కృతములో మజ్జనము అంటే మునక, స్నానము. ఆ మజ్జనములోని ధాతువు, లాటిను మెర్గెరె ఒకే మూలములోనివి. ఏటేటా వినాయక నిమజ్జనము అని పత్రికలు వ్రాస్తాయే, ఆ మాట సబ్‌మెర్జెన్స్‌కు దగ్గర చుట్టమన్నమాట. ఈ మెర్గెరెకు ముందు ఏ తునక చేరినదన్నదానిని బట్టి మనుష్యుల గతి ఎంతగా మారుతుందో చూడండి. ఏమీ చేరకపోతే మెర్జ్, అనగా కలిసిపోవుట, విలీనము. ముందు ‘లోపలికి’ చేరితే ఇమ్మెర్షన్, బాప్తిస్మములో మనము నీటిలో ముంచే మునక. ఆ మునకలో మునిగినవాడు లేస్తాడు. ‘వెలుపలికి’ చేరితే ఎమెర్జ్, నీటిలో నుండి పైకి వచ్చుట. హఠాత్తుగా పైకి తేలినది గనుక ఎమర్జెన్సీ. ‘సబ్’ చేరితే అడుగుకు మునుగుట, లేచే మాట అందులో లేదు.

2014 తరువాత ఆ మండలములకు రెండు పేర్లు వచ్చాయి. కొందరు విలీన మండలాలు అన్నారు, కొందరు ముంపు మండలాలు అన్నారు. ఒకే ఊరిని గూర్చి రెండు పత్రికలలో రెండు పేర్లు చదివాము. విలీనము అంటే మెర్జ్, ముంపు అంటే సబ్‌మెర్జ్. లాటినులో ఈ రెండింటికీ నడుమ ఉన్న తేడా ఆ ఒక్క సబ్ మాత్రమే. ఒక పేరు ఇక్కడి నేల ఎవరితో కలిసినదో చెబుతుంది, రెండవది దానిని ఎందుకు కలిపారో చెబుతుంది.

కాగితాలలో సబ్‌మెర్జెన్స్ అన్న మాట ప్రక్కన ఎప్పుడూ రెండు అంకెలు ఉంటాయి. 41.15, 45.72. సముద్రమట్టము నుండి మీటర్లలో ఎత్తు అవి. పోలవరం జలాశయము పూర్తి మట్టము 45.72 మీటర్లు, అనగా 150 అడుగులు. మొదటి దశకు 41.15 అని నిర్ణయించారు. ఆ మొదటి గీతకు లోపలివారికి పునరావాసము ముందు, పైవారికి తరువాత. మొత్తము మీద కదలవలసిన కుటుంబములు లక్షకు పైగా ఉన్నవి. చదువురాని అవ్వలు సైతము ‘మాది నలభై ఒకటి కాంటూరు’ అని చెప్పగలరు. కాని గోదావరికి ఆ గీతలు తెలియవు. భద్రాచలం వద్ద 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది. 1986 ఆగస్టులో 75.6 అడుగులు వచ్చింది. 2022 జూలైలో 71.3 అడుగులు వచ్చింది. గోదావరి అంత ఎత్తున ఉన్నప్పుడు శబరి నీళ్ళు కూనవరం వద్ద దానిలో కలవలేక వెనుకకు తిరుగుతాయి. ఎగపోటు అంటారు ఇక్కడివారు. ఉపనది కింది నుండి పైకి ప్రవహిస్తుంది. 2022లో ఆ రోజులలో, మొదటి గీతకు పైన ఉన్నామని ధైర్యముగా ఉన్న ఊళ్ళలో సైతము ఇండ్లలోనికి నీరు వచ్చింది. ఊళ్ళు కొండల మీదికి ఎక్కి టార్పాలిన్ల కింద రోజులు గడిపాయి.

ఆ వరదలో సామాను మోసినవారు, ముసలివారిని భుజాన వేసుకొన్నవారు, బియ్యము మూటలు పడవలెక్కించినవారు ఎక్కువగా ఆ ప్రక్క ఊళ్ళవారే. కాగితము మీద వారు కూడా సబ్‌మెర్జెన్స్ జాబితాలోనివారే. సపోర్టు అనే మాటలోని సబ్, సబ్‌మెర్జెన్స్ అనే మాటలోని సబ్ ఒకే మనిషి మీద ఒకే రోజున కనబడుట ఆ జూలైలో ఇక్కడ చూశాము.

కాలనీలకు తరలివెళ్ళిన కుటుంబాలను దర్శించినప్పుడు మేము గమనించినది ఒకటి ఉన్నది. సబ్‌మెర్జ్‌డ్ విలేజ్ అని కాగితాలలో ఉన్న చోటును వారు ముంపు ఊరు అని కూడా అనరు, పాత ఊరు అంటారు. కొత్తగూడెం, పాత పాల్వంచ అన్నట్లుగానే. మాటకు ముందు తునకలు చేర్చే అలవాటు లేని మన భాషలో ఊరి పేరుకు ముందు ధారాళముగా చేరే మాటలలో ఈ రెండూ ఉన్నవి, పాత, కొత్త. పాత ఊరిలో ఇప్పచెట్లు ఎన్ని ఉన్నవో, ఏ చెట్టు ఎవరి వంతో ఆ కాలనీలోని పిల్లలు కూడా చెబుతున్నారు.